బ్రహ్మాండం గారు చూసి వచ్చిన గది

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప అది ఎవరికీ గుర్తులేదు. ఇంట్లోనూ ఆఫీసులోనూ అందరికీ ఆయన బ్రహ్మాండమే. ఎందుకంటే ఏది చూసి రమ్మన్నా, వెళ్ళి చూసి వచ్చి ఆయన చెప్పే మాట అదొక్కటే.

ఒకసారి వాళ్ళక్క అద్దె ఇల్లు చూసి రమ్మంది. చూసి వచ్చి బ్రహ్మాండం అన్నాడు. సామాన్లన్నీ దించాక కుళాయి తిప్పితే గాలి తప్ప చుక్క రాలేదు. "కుళాయి చూశావట్రా?" అని అక్క తల బాదుకుంటే, "చూడకపోవడమేంటి, ఇత్తడిది, తళతళలాడిపోతోందిగా!" అన్నాడు. ఇంకోసారి బావగారి కోసం పాత మోటారు సైకిలు చూసి వచ్చి, సీటు ఎంత మెత్తగా ఉందో వర్ణించి వర్ణించి కొనిపించాడు. ఆ బండి బావగారిని మోసిన దానికన్నా బావగారు దాన్ని తోసిందే ఎక్కువ.

ఇలాంటి మహానుభావుడికి లోకంలో ఏం ఉద్యోగం ఇస్తారంటారా? చూసి వచ్చే ఉద్యోగమే ఇచ్చారు! ఉద్యోగాలు లేనివాళ్ళకి పనులు నేర్పే శిక్షణ సంస్థ ఒకటుంది. దానికి సొంత భవనం లేదు. ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో చోట గది అద్దెకి తీసుకుంటారు. ఆ గది భద్రంగా ఉందా, అందరూ లోపలికి రాగలరా, ఏదైనా జరిగితే బయటపడగలరా అని ముందుగా వెళ్ళి చూసి రావడం బ్రహ్మాండం గారి పని. సంస్థవాళ్ళు తెలివితక్కువవాళ్ళని మీరనుకుంటే పొరపాటు. వంకలు వెతికేవాణ్ణి పంపితే వంకలు దొరుకుతాయి. దొరికాక ఊరుకోవడానికి వీల్లేదు, ఏదో ఒకటి చెయ్యాలి. అదంతా ఎవడు పడతాడు? అందుకే ఏరి కోరి ఈయన్ని పెట్టుకున్నారు. పైగా ప్రమోషను కూడా ఇచ్చారు.

ఆయన తనిఖీ చేసే తీరు చూడముచ్చటగా ఉండేది. గదిలోకి వెళ్ళగానే మాస్టారి కుర్చీలో కూర్చుని వెనక్కి వాలేవాడు. అది కిర్రుమనకపోతే సగం పని అయిపోయినట్టే. తర్వాత ఏసీ కింద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకునేవాడు. ఈలోగా టీ వచ్చేది. టీలో అల్లం పడితే ఇక ఆ గదికి తిరుగులేదు. లిఫ్టుని ఎవరో పట్టుకుని ఉంచేవారు, తలుపుల్ని ఎవరో తెరిచి నిలబడేవారు. అలా అలా, తలుపంటే దానంతటదే తెరుచుకునే వస్తువు అనే నమ్మకం ఆయనలో స్థిరపడిపోయింది.

ఆ అక్కకి ఒక్కతే కూతురు. చిన్నప్పుడొచ్చిన జబ్బు ఆ పిల్ల కాళ్ళని తీసుకుపోయింది. నోరు మాత్రం వదిలేసి వెళ్ళిందని మామయ్య బాధ. చక్రాల కుర్చీ తనే తోసుకుంటుంది, వంట చేస్తుంది, పక్కింటి పిల్లలకి లెక్కలు చెబుతుంది. ఎవరైనా వెనకనుంచి వచ్చి అడక్కుండా కుర్చీ తోశారో, ఇక వాళ్ళ పని అయిందే. ఆసుపత్రి కౌంటర్ల దగ్గర కూర్చుని రోగుల వివరాలు కంప్యూటర్లో ఎక్కించే పనికి సంస్థవాళ్ళు ఏటా శిక్షణ ఇస్తారు. పూర్తి చేసినవాళ్ళని ఆసుపత్రులే పిలిచి తీసుకుంటాయి. "కూర్చుని చేసే పనికి ఇంత అనుభవం ఉన్నదాన్ని వాళ్ళకి ఇంకెక్కడ దొరుకుతాననే అమ్మా?" అని ఏటా దరఖాస్తు పెట్టేది. ఏటా ఒకటే జవాబు వచ్చేది. శిక్షణ గది మేడ మీద ఉన్నందున తమరికి అసౌకర్యం కలుగుతుందని, చింతిస్తున్నామని. ఆ మేడ మీది గదులన్నీ చూసి వచ్చి బ్రహ్మాండం అన్నది ఎవరో చెప్పక్కర్లేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదంటారు. ఇక్కడ వడ్డించేవాడు మనవాడే, విస్తరి మాత్రం మేడ మీద వేశాడు.

ఈ ఏడుతో ఆ శిక్షణకి ఆమె వయసు దాటిపోతుంది. ఈసారి సీటు రాకపోతే ఇక లేనట్టే.

సరిగ్గా అప్పుడే, శిక్షణకి డబ్బులిచ్చేవాళ్ళు కొత్త మెలిక పెట్టారు. చక్రాల కుర్చీలో తిరిగేవాళ్ళు ఎవరైనా స్వయంగా వచ్చి చూసి సరేనంటేనే గది తీసుకోవాలట. సంస్థ పెద్దసారుకి తలనొప్పి పట్టుకుంది. "ఎవరో ఒకళ్ళని పట్టుకురావయ్యా. ఓ ఫొటో, ఓ సంతకం, అంతే కదా! గది మాత్రం ఇదే. ఇది కాదంటే ఈ ఏడు బ్యాచే లేదు, చెబుతున్నా," అన్నాడు. బ్రహ్మాండం గారి మొహం వెలిగిపోయింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం దేనికి?

ఆ సాయంత్రమే అక్కగారింటికి వెళ్ళాడు. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు.

"తల్లీ, నీకో అదృష్టం మోసుకొచ్చాను!"

"ముందు అది ఎన్నో అంతస్తులో ఉందో చెప్పు మామయ్యా," అంది మేనకోడలు.

"మూడో అంతస్తు. కానీ లిఫ్టుందే! బ్రహ్మాండమైన లిఫ్టు. లోపల నిలువెత్తు అద్దం కూడా ఉంది. నువ్వొచ్చి చూసి, బాగుందని ఓ సంతకం పడేస్తే ఈ బ్యాచ్‌లో సీటు నీదే. పెద్దసారు నోటితో చెప్పించాను."

"బాగోలేదంటే?"

"అనడమేంటే, అశుభం! బాగోలేదంటే బ్యాచే ఉండదు. బ్యాచ్ లేకపోతే నీ సీటెక్కడ?"

మేనకోడలు మనసులో లెక్క వేసుకుంది. బాగుందంటే మూడో అంతస్తులో ఇరుక్కోవాలి, బాగోలేదంటే గుమ్మంలోనే ఉండిపోవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వాళ్ళమ్మ వంటింట్లోంచి కేకేసింది. "ఒసేయ్, నీకు దణ్ణం పెడతాను, అక్కడ నోరు తెరవకుండా సంతకం పెట్టి రా."

మర్నాడు పొద్దున ఇద్దరూ వెళ్ళారు. భవనం ముందు ర్యాంపు ఉంది. దాని పొడుగునా పూలకుండీలు కూడా ఉన్నాయి.

"అందం కోసం పెట్టించాను మేడమ్. ఉత్తినే ఖాళీగా పడుంటే ఏం బాగుంటుంది?" అన్నాడు హాలు మేనేజరు. సన్నగా, చేతులు నలుపుకుంటూ, నవ్వు మొహంతో ఉంటాడాయన.

"ర్యాంపు ఖాళీగా ఉంటేనే కదండీ ఎక్కేది?"

"అయ్యో, మీరెక్కడమేంటి మేడమ్! మా కుర్రాళ్ళు నలుగురున్నారు, మోసేస్తారు."

కుండీలు జరిపించుకుని ఆమె తనంతట తానే ఎక్కింది. లిఫ్టు బుద్ధిగా పైకి తీసుకెళ్ళింది. మామయ్య ఆ నిలువెత్తు అద్దంలో జుట్టు సర్దుకుని, "చెప్పానా?" అన్నట్టు చూశాడు.

పైన గది విశాలంగానే ఉంది. మామయ్య నేరుగా వెళ్ళి మాస్టారి కుర్చీలో వాలాడు. అది కిర్రుమనలేదు. టీ వచ్చింది, అల్లం దట్టంగా పడింది. ఆయన మొదటి కప్పు ముగించి రెండోది అందుకునేలోపు మేనకోడలు గది చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. మేనేజరు వెనకాలే నడిచాడు.

ఒక తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ పెద్దదిగా వేసి ఉంది. తెరిస్తే లోపల చీపుళ్ళు, బకెట్లు, కాళ్ళు విరిగిన కుర్చీలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి.

"ఇది బాత్రూము కాదాండీ?"

"కట్టించినప్పుడు బాత్రూమే మేడమ్. ఎవరూ రావడం లేదని సామాన్లు పెట్టుకున్నాం. బొమ్మ మాత్రం కొత్తగా రంగులేయించాను, చూశారా?"

"సామాన్లు ఉంటే ఎవరొస్తారు?"

"అదే కదా మేడమ్, ఎవరూ రారు."

పక్కనున్న మామూలు బాత్రూము తలుపు సన్నం. కుర్చీ చక్రం దగ్గరే ఆగిపోయింది. రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూసింది. వేళ్ళు గుమ్మానికి ఒరుసుకున్నాయి గాని కుర్చీ కదల్లేదు.

"మా ఆడపిల్లలున్నారు మేడమ్, ఎత్తుకుని తీసుకెళ్తారు," అన్నాడు మేనేజరు గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా.

మర్యాదంటే ఇదీ! పెళ్ళీడు దాటిన మనిషిని పసిపిల్లలా బాత్రూముకి ఎత్తుకుపోతారట! ఆమె చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి తిరిగి, ప్రమాదం వస్తే బయటపడే తలుపు ఎక్కడని అడిగింది. దాన్ని వెతకడానికి మేనేజరుకే కాస్త టైము పట్టింది. వేదిక వెనక కట్టిన పెద్ద బ్యానరు ఎత్తితే కనిపించింది. తాళం వేసి ఉంది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంది. వాచ్‌మన్ టిఫిను చెయ్యడానికి వెళ్ళాడు.

"మంటలొస్తే?"

"వస్తే వెంటనే ఫోన్ చేసి పిలిపిస్తాం మేడమ్. పక్క వీధే."

"ఆ తలుపు తీస్తే ఏముంటుంది?"

"ఇనప మెట్లు. గుండ్రంగా తిరుగుతూ కిందకి పోతాయి. మీకేం భయం, మా కుర్రాళ్ళు నలుగురూ..."

"నన్ను నలుగురూ మోసే రోజు ఎలాగూ ఒకటి వస్తుందండీ," అంది మేనకోడలు. "ఆ రోజు నేను వద్దన్నా ఎవరూ వినరు. అప్పటిదాకా నా చక్రాల మీద నన్ను పోనివ్వండి."

మేనేజరు గతుక్కుమన్నాడు. "పొద్దున్నే అవేం మాటలు మేడమ్!" అని లెంపలేసుకున్నాడు. మాస్టారి కుర్చీలోంచి మామయ్య, "దాని నోరంతే లెండి, మనసు వెన్న," అని సర్ది చెప్పి, రెండో కప్పు కింద పెట్టి లేచాడు. ఆయనకి తొందర మొదలైంది. షుగరు మనిషి, గంటకోసారి బాత్రూముకి వెళ్ళకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఇల్లు దగ్గరే కదా, దిగిపోదాం అనుకున్నాడు.

ఇద్దరూ ఎక్కగానే లిఫ్టు తలుపు మూసుకుంది. రెండు గజాలు కూడా దిగకుండానే కరెంటు పోయింది. లిఫ్టు కుదుపుతో ఆగింది, లోపల చీకటైపోయింది.

"బాబోయ్!" అన్నాడు బ్రహ్మాండం. "ఓ మేనేజరూ! ఎవరయ్యా అక్కడ! చచ్చిపోతున్నామయ్యా!"

"ఏం కాదు సార్, మామూలే!" పైనుంచి గొంతు వచ్చింది. "రోజూ ఓసారి పోతుంది."

"జనరేటరు లేదాండీ?" అని అరిచింది మేనకోడలు.

"ఉంది మేడమ్, నడుస్తోంది. ఏసీకి మాత్రమే కనెక్షనిచ్చాం."

నిజమే. చెవులు రిక్కిస్తే పైన గదిలో ఏసీ హాయిగా గురక పెడుతోంది. కాసేపటికి మేనేజరు ఏదో ఇనప చువ్వ తెచ్చి పై తలుపు తీశాడు. లిఫ్టు పైభాగంలో మనిషి పాక్కుంటూ వెళ్ళేంత సందు వచ్చింది, దాంతోపాటు కాస్త వెలుతురూ వచ్చింది. "చెయ్యివ్వండి సార్, లాగేస్తాం," అన్నాడు.

ఆ వయసులో, ఆ పొట్టతో, బ్రహ్మాండం గారు అంత చురుగ్గా ఎగబాకగలరని కన్నతల్లి కూడా ఊహించి ఉండదు. మేనకోడలి కుర్చీ చేతి మీద ఒక కాలు వేశాడు, ఆమె భుజం పట్టుకుని రెండోది లేపాడు, ఉఫ్‌మని సందులో దూరాడు. "ఒక్క నిమిషం తల్లీ, ఇదిగో వచ్చేస్తున్నా," అనే మాట దూరంగా బాత్రూము వైపు నుంచి వినిపించింది. సన్నటి తలుపు ఆయనకి చక్కగా పట్టింది.

మేనేజరు కాసేపు సందులోంచి చూస్తూ నవ్వు మొహంతో నిలబడ్డాడు. తర్వాత వాచ్‌మన్‌ని తిట్టడానికి ఫోను పట్టుకుని ఆయనా వెళ్ళాడు.

ఆమె ఒక్కతే మిగిలింది. భయమేసింది. చిన్నప్పుడు ఆసుపత్రిలో రాత్రుళ్ళు వేసిన భయంలాంటిది కాదు ఇది. అప్పుడు పక్కన అమ్మ ఉండేది. ఇప్పుడు ఉన్న ఒక్క మామయ్యా తన కుర్చీ తొక్కి మరీ ఎక్కిపోయాడు. మంటలొచ్చినా ఇంతే కదా అనుకుంది. వీళ్ళు చెడ్డవాళ్ళు కారు, పాపం, ఒక్క నిమిషంలో వస్తామనే అంటారు. చీకట్లో ఎవరూ చూడరు కదా అని ఏడ్చేసింది. ఏడుపయ్యాక ఒళ్ళు మండింది.

కరెంటు వచ్చింది. లిఫ్టు ఏమీ ఎరగనట్టు పైకి వెళ్ళి తెరుచుకుంది. ఎదురుగా మామయ్య చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. మొహం కడిగిన ముత్యంలా ఉంది. అప్పుడే జేబులో ఫోను మోగింది. పెద్దసారు. ఈ కాలపు పెద్దలంతా ఫోను చెవికి పెట్టుకునే ఓపిక లేక స్పీకరులో పెట్టుకుంటారు కదా, మామయ్యా అంతే.

"ఏమయ్యా, ఎలా ఉంది గది?"

"బ్రహ్మాండం సార్!"

ఆ మాట ఆయన అనలేదు, దానంతటదే వచ్చేసింది. ఇన్నేళ్ళ అలవాటు. అన్నాక మేనకోడలి వైపు చూసి, నాలుక్కరుచుకుని, "అవును సార్, బ్రహ్మాండం," అని రెండోసారి కాస్త నెమ్మదిగా అన్నాడు.

ఆమె చెయ్యి చాపింది. "ఫోనివ్వు మామయ్యా." ఇచ్చాడు.

"నమస్కారం సార్. మామయ్య ఇంత గట్టిగా చెబుతుంటే నేను కాదనేదేముంది? సంతకం పెడతాను. ఒక్కటే షరతు. శిక్షణ జరిగినన్నాళ్ళూ మామయ్య నా పక్కనే కూర్చోవాలి. నేను ఎక్కడికి పోగలనో అక్కడికే ఆయనా రావాలి. నేను దూరలేని గుమ్మంలో ఆయనా దూరకూడదు. నేను దిగలేని మెట్లు ఆయనా దిగకూడదు. పొద్దున్నించి సాయంత్రం దాకా."

పెద్దసారు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "భలే ఆలోచనమ్మా! సహాయకుడు కూడా ఉన్నాడని రాసుకోవచ్చు, ఫొటోకి కూడా బాగుంటుంది. ఏమయ్యా, విన్నావా? సోమవారం నుంచి అమ్మాయి పక్కనే నీ డ్యూటీ. ఇది నా ఆర్డరనుకో."

బ్రహ్మాండం గారికి మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కటే అర్థమవడం మొదలైంది. సన్నటి తలుపు గుర్తొచ్చింది. తన షుగరు గుర్తొచ్చింది. పొద్దున్నించి సాయంత్రం దాకా! కరెంటు రోజూ ఓసారి పోతుందన్న మాట గుర్తొచ్చింది. బ్యానరు వెనక తాళం, పక్క వీధిలో వాచ్‌మన్, అన్నీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. అరగంటగా ఆ పిల్ల అడుగుతున్న ప్రశ్నలన్నీ అప్పుడు వినపడ్డాయి ఆయనకి. మేనకోడలి చేతిలోంచి ఫోను లాక్కున్నంత పనిచేశాడు.

"సార్, సార్! గది బాగోలేదు సార్!"

"ఏంటీ?"

"అస్సలు బాగోలేదు. బాత్రూము తలుపు సన్నం. లిఫ్టు ఆగిపోతుంది. వెనక తలుపుకి తాళం. మనిషన్నవాడు కూర్చునే గది కాదు సార్ ఇది, చావొస్తుంది!"

"ఇప్పుడేగా బ్రహ్మాండమన్నావు? రెండుసార్లన్నావు!"

"అప్పుడు అందులో కూర్చునేది నేను కాదు కదా సార్!"

పెద్దసారు గట్టిగా నిట్టూర్చి, "అయితే బ్యాచ్ రద్దు చేసుకోవాల్సిందే. నేను చేసేదేం లేదు," అన్నాడు. కోపంలో తన నోటి కూడు తనే కాలదన్నుకున్నానా అని మేనకోడలికి అనిపించింది. వాళ్ళమ్మ పెట్టిన దణ్ణం గుర్తొచ్చింది.

రద్దు అన్న మాట వినగానే మేనేజరు ఉరుకుతూ వచ్చాడు. అద్దె పోతోందంటే ఎవరికైనా కాళ్ళొస్తాయి. "ఆగండి సార్, ఆగండి! కింద గదుందిగా!"

"కిందా? ఏ కింద?" అన్నాడు మామయ్య.

"నేల మీదే సార్. వెనకవైపు. సామాను బండ్లు లోపలికి రావాలని గుమ్మాలు ఇంతింత పెట్టించారు. బాత్రూము కూడా పెద్దదే. గోడలకి రంగులు లేవని, ఫొటోల్లో బాగోదని నేనే ఎవరికీ చూపించను."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంటయ్యా? ఇదివరకు కూడా ఇక్కడ బ్యాచ్‌లు పెట్టాం కదా!"

"మీరు అడగలేదు కదా సార్. పైన కుర్చీలో కూర్చుని, టీ తాగి, బ్రహ్మాండం అన్నారు."

పెద్దసారు ఫోనులోనే సరేనన్నాడు. ముగ్గురూ కిందకి వెళ్ళారు. లిఫ్టులో మేనకోడలు, మేనేజరు దిగారు. అంత బ్రహ్మాండమైన లిఫ్టుండగా మామయ్య మెట్ల మీద దిగాడు, అదేం ఖర్మో.

గది గోడలు నిజంగానే బోడిగా ఉన్నాయి. ఏసీ లేదు, తిరిగే ఫ్యాన్లున్నాయి. మేనకోడలు ఎవరి సాయమూ లేకుండా గుమ్మం దాటింది. బాత్రూములోకి వెళ్ళి లోపల గుండ్రంగా తిరిగి, గడియ వేసి, తీసుకుని బయటికొచ్చింది. వెనక తలుపు తోస్తే నేరుగా వీధిలోకి తెరుచుకుంది. ఓ కూరగాయల బండి, స్కూలు పిల్లలు, ఎండ. ఆమె ఆ గుమ్మంలో కాసేపు ఆగిపోయింది. ఈ గది, ఇలాంటిదే ఏదో ఒక గది, ఆమె దరఖాస్తు పెట్టిన మొదటి ఏడు కూడా ఎక్కడో ఉండే ఉంటుంది. అప్పటికి ఆమె వయసు చిన్నది. తనతో పాటు దరఖాస్తు పెట్టినవాళ్ళు ఈపాటికి కౌంటర్ల దగ్గర సీనియర్లయిపోయారు.

సంతకం పెట్టి, మామయ్య వైపు తిరిగింది.

"మామయ్యా, ఇన్నేళ్ళూ నేను మొత్తుకుంటే దొరకని గది, నువ్వొక్క పూట బిగబట్టుకోవాలనేసరికి చిటికెలో దొరికింది."

బ్రహ్మాండం గారు ఆ మాటకి పొంగిపోయాడు. ఛాతీ విరుచుకుని మేనకోడలి తల నిమిరాడు.

"మరి మామయ్యంటే ఏమనుకున్నావే పిచ్చిదానా!" అన్నాడు.